మూడోసారికి లేసేటాయన

శ్రావణంల మూడో బేస్తారం, పొద్దుగాల పది గంటల నలభై నిమిషాలకు, మా బోరు కాడి కొట్టంల నిలవెట్టిన కారు దానంతట అదే లైట్లు ఏసింది. లోపట ఎవ్వలు లేరు. కారు గల్లాయన అప్పటికి తొవ్వ మీద, పాడె మీద పండి ఉన్నడు. టైం నాకెట్ల తెలుసంటే, మా కొడుకు యాదగిరి ఆ లైట్లు సూడంగనే జేబుల ఫోన్ తీసి సూసిండు. ఎందుకు సూసిండో ఆనికే తెల్వదు. సూసి టైం పైకి సదివిండు.

ఆయన పేరు నేను రాయను. పటేలు అని రాస్త. మా ఊరోళ్లం అట్లనే పిలిచేటోళ్లం.

ఆయనకు ఎంత భూమి ఉండె, ఎన్ని ప్లాట్లు జేసి అమ్మిండు, ఎవలతోని పడింది ఎవలతోని పడలే, గవన్ని శామీర్‌పేటల ఏ చాయ్ హోటల్ల అడిగినా జెప్తరు. నాకు తెలిసిన పటేలు వేరే. కారుకు చార్జింగ్ ఎక్కేదాక మా కొట్టంల నులక మంచం మీద కూసునే మనిషి నాకు తెలుసు. ఆయన ఇల్లు ఊరు నడుమ, అక్కడ లైను బలహీనం. మా బోరు పక్కనే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నది. ఆయన పేరు మీద మీటరు వేరే పెట్టించుకోని, మా కొట్టంల ప్లగ్గు బిగించుకున్నడు. గట్ల నాలుగేండ్లు కూసున్నడు.

కారు కొనకముందు ఆయనకు పెద్ద మోటర్‌సైకిల్ ఉండె. డుగ్గు డుగ్గుమని అది చెరువు అవతలి కట్ట మీద ఉన్నప్పుడే మాకు ఇనవడేది. మా ఇంటాయన బతికున్నప్పుడు ఆ సప్పుడు ఇని బీడీ పారేసి లేసి నిలవడేటోడు. బండి వచ్చేటాల్లకు ఇంకో బీడీ తాగేంత టైం ఉంటుండె. గసొంటి మనిషి ఒకదినం సప్పుడు లేని కారు తెచ్చుకున్నడు. ఎందుకు పటేలా అని అడిగిన. నేను అడగాల్సింది అడిగేస్త, కడుపుల దాసుకోను.

"నలభై ఏండ్లు నేనొస్తున్న, నేనొస్తున్న అని సాటుకుంట తిరిగిన అవ్వా. ఇగ సాలు" అన్నడు.

కారుకు పూజ హనుమాండ్ల గుడి కాడ అయింది. మా దిక్కు కరెంటు కారు అదే మొదలు, సూడనీకి ఊరంత వచ్చిండ్రు. పంతులు కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ పెట్టి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, ఇగ స్టార్ట్ జెయ్యిర్రి అన్నడు. అయింది పంతులుగారూ అన్నడు పటేలు. పంతులు ఇంకోసారి స్టార్ట్ జెయ్యమన్నడు. ఎప్పుడో అయింది, జరుగుర్రి అన్నడు పటేలు. కారు కదిలింది. గప్పుడు నిమ్మకాయలు నలిగిన సప్పుడు ఇనవడ్డది. మెత్తగ, నీళ్లు కారినట్టు, ఏదో పానమున్నది టైరు కింద వడ్డట్టు. నేను ఎన్నో బండ్ల పూజలు సూసిన, ఆ సప్పుడు ఎన్నడు ఇనలే. ఇంజను మోతల అది కలిసిపోయేది. నవ్వేటోళ్లు నవ్విండ్రు గని, నవ్వినంక ఒకల మొఖం ఒకలు సూసుకున్నరు.

తర్వాత ఎక్కడ ఆగినా జనమే. వంగి కింద సైలెన్సర్ ఏదని దేవులాడేటోళ్లు. వానల తడిస్తే షాక్ కొడ్తదా అని ఒకడు, సెల్‌ఫోన్ లెక్క పేల్తదా అని ఒకడు. మా యాదగిరి తుర్కపల్లి మందుల కంపెనీ క్యాబ్ నడుపుతడు, ఆనికి పరాష్కాలు ఎక్కువ. పటేలా, నడితొవ్వల చార్జింగ్ అయిపోతే మేమొచ్చి నూకాల్నా, లేకుంటే మా బండి ఎన్క కట్టుకపోవాల్నా అనేటోడు. పటేలు అందరికి ఓపికగ జెప్పేటోడు. మోటర్‌సైకిల్ దినాలల్ల గసొంటి మాటంటే సెంప పగిలేది.

మల్లయ్య తాత అడగలే, ముట్టిండు. మేడ్చల్ పోయి అప్పుడే వచ్చిన కారు బానెట్ మీద అరచెయ్యి ఆనిచ్చి, జర సేపు ఉంచి, తీసి పంచెకు తుడుసుకున్నడు.

"ఇంత దూరం ఉరికొచ్చిన బండి పొయ్యి లెక్క కాలాలె. ఇది పీనుగు లెక్క సల్లగున్నదేంది?"

పటేలు నవ్విండు. నవ్విండు గని, ఆ దినం నుంచి ఆయనకు ఒక అలవాటు పట్టుకున్నది. కారు దిగంగనే చెయ్యి ఎనకదిక్కు తిప్పి బానెట్‌ను ముడ్తడు, జరమొచ్చిన పిల్లల నుదురు ముట్టినట్టు. ఎక్కేముందు మళ్ల ముడ్తడు. ఎట్లున్నది పటేలా అని నేనంటే, "ఇంకా సల్లగనే ఉన్నదవ్వా" అనేటోడు. నాలుగేండ్లు నేను అదే అడిగిన, ఆయన అదే జెప్పిండు.

మనుషుల సంగతి సరే, పశువులకు ఆ కారు అర్థమే కాలే. మా బర్రె తొవ్వకు అడ్డం నిలవడితే దాని ఎన్కనే కారొచ్చి ఆగేది, బర్రె చెవి గూడ కదపకపోయేది. మా కుక్క ఊరి బండ్లన్నిటి ఎంట ఉరుకుతది, దీనికి మాత్రం లెవ్వకపోయేది. తల ఎత్తి సూసేది, మళ్ల ముంగాళ్ల మీద పెట్టుకునేది. ఒకదినం చాకలి సాయమ్మ తలమీద మూటతోని పోతాంటే ఎన్కనుంచి వచ్చి ఆగిండట. ఆమె తిరిగి సూసి, మూట ఇడిసిపెట్టి మురికి కాల్వల వడ్డది. పంచాయితీ అయింది. ముసలోళ్లంత కలిసి, కారుకు ఎద్దు మెడ గంట కట్టుమన్నరు. పటేలు ఎదురు మాట్లాడకుంట కట్టిండు.

గంట కట్టినంక ఇంకింత పరేషాన్ అయింది. పొద్దుగాల మంచుల తొవ్వ మీద గంట ఇనవడ్తది, ఎడ్లు కనవడయి. మా ఊర్ల ఎడ్లు లేక ఎన్ని ఏండ్లాయె. వాకిలి ఊడ్సే ఆడోళ్లు గంట సప్పుడుకు చీపుర్లు ఇడిసి లోపటికి పోవుడు మొదలువెట్టిండ్రు. గంట ఇప్పమని మళ్ల ఆ ముసలోళ్లే అడిగిండ్రు. ఆయన ఇప్పి మా కొట్టంల మొలకు తగిలిచ్చిండు. ఇంకా అక్కడనే ఉన్నది.

చార్జింగ్ ఎక్కేటందుకు గంటలు పట్టేది. కూసోని ఏం జేస్తడు, నాకు అచ్చరాలు నేర్పిండు. కారు మీద దుమ్ముల వేలుతోని అ రాసి, దాని కింద నన్ను రాయమన్నడు. అరవై దాటినంక నా పేరు నేను మొదటిసారి రాసింది ఎన్క అద్దం మీది దుమ్ముల. లచ్చవ్వల చ కింద చ వత్తు పెట్టనీకి మూడు దినాలు పట్టింది. దుమ్ము జాలకపోతే కాల్వ గట్టు మీది మట్టి తెచ్చి అద్దం మీద చల్లేటోడు. కొత్త కారు మీద మట్టి చల్లుకుంటున్నడని ఆయన భార్య సులోచన నెత్తి కొట్టుకునేది.

నాకు ఒకటి రాకపాయె. మనసుల సదువుకోమంటే రాదు. రాసినా, సదివినా, నోరు కదలాలె, మాట బయటికి రావాలె. ఇప్పుడు గిది రాస్తాంటె గూడ ప్రతి మాట పైకి అనుకుంటనే రాస్తున్న. పిల్లలు నవ్వుతరవ్వా, నోరు మూసుకోని సదువు అన్నడు కొన్నిదినాలు. తర్వాత ఇడిసిపెట్టి, కారు ఎట్లనో మూగది, నువ్వన్న సప్పుడు జెయ్యి అన్నడు.

కారు తాళంచెవి ఆయన మొలతాడుకు కట్టుకునేటోడు. వాళ్ల నాయిన వడ్ల అర్ర తాళం అట్లనే కట్టుకునేటోడట. అది తిప్పే తాళం గాదు, నున్నగ నల్లగ సబ్బుబిళ్ల ముక్క లెక్క ఉంటది. అది దగ్గరికొస్తె చాలు, కారుకు తెలుస్తది. ముంగటి లైట్లు ఎలుగుతయి, ముడుసుకున్న రెండు అద్దాలు ఇచ్చుకుంటయి, కుక్క చెవులు లేపినట్టు. దూరం పోతే మళ్ల ముడుసుకుంటయి. నాకు సూపియ్యనీకి ఆయన కొట్టం నుంచి గేటు దాక నడిచి, మళ్ల వచ్చిండు. పోతే కండ్లు మూసింది, వస్తే తెరిసింది. నేను నడుముకు కొంగు దోపుకోని నడిచిన, అది కదలలే.

ఇగ ఎండకాలం ఒక పగటీలి సంగతి జెప్పాలె. కొట్టంల కారు చార్జింగ్‌ల ఉన్నది. అద్దాలు మూసి, లోపట సల్లగాలి పెట్టుకోని, సీటు ఎనకకు వాల్చి పటేలు పండుకున్నడు. నేను మజ్జిగ గిలాస తీస్కోని పోయిన. కారు సప్పుడు లేదు, మనిషి సప్పుడు లేదు. నోరు జర తెరిసి ఉన్నది. రొమ్ము లేస్తున్నదా అని సూసిన, అద్దంల నా మొఖమే కనవడ్తాంది. వేలుతోని కొట్టిన. పటేలా అన్న. ఉలుకులేదు. అద్దం మీద అరచెయ్యితోని సరిసి, పటేలా అని ఇంకా గట్టిగ అన్న. లేదు. పానం పోయిందేమో అనుకున్న. మూడోసారి, ఆ భయానికి, ఎన్నడు నా నోటితోని అననిది, పేరు వెట్టి పిలిచిన.

కండ్లు తెరిసిండు. అద్దం దించి, నా సేతులకెల్లి గిలాస తీసుకున్నడు.

"పేరు వెట్టి పిలిస్తివి, ఇగ లెవ్వకుంటె ఎట్ల?" అన్నడు. తాగి మూతి తుడుసుకోని, "నేను మూడోసారికి లేస్త అవ్వా. యాదిల వెట్టుకో" అన్నడు.

ఈ ముచ్చట ఆయన ఇంట్ల జెప్పుకోని నవ్విండట. లచ్చవ్వ నన్ను సంపేసి మళ్ల లేపింది అని వచ్చినోళ్లందరికి జెప్పేటోడట. సులోచన గూడ నవ్వేది. ఆ మాట ఆమెల ఎంత లోతుకు దిగిందో ఆ బేస్తారం దాక మాకు తెల్వలే.

బుధవారం పొద్దుమూకే ముందు, ముసురు పడ్తాంటె, కరెంటు సన్నగొస్తున్నదని కారు చార్జింగ్‌లనే ఇడిసిపెట్టి గొడుగు పట్టుకోని నడిచి పోయిండు. పోయేముందు బానెట్ ముట్టిండు. తెల్లారి వస్తనన్నడు. తెల్లారి ఆయన లెవ్వలేదని కబురొచ్చింది. నిద్రల్నే పోయిండు. సప్పుడు లేదు, మూలుగు లేదు. పక్కన పండుకున్న సులోచనకు గూడ తెల్వలే.

మా దిక్కు పీనుగును ఇంట్లకెల్లి తీస్కపోయేటప్పుడు నడుమ ఒక జాగల దించుతరు. దింపుడు కళ్లం అంటరు. అక్కడ చెవుల మూడుసార్లు పిలుస్తరు, పానం ఉంటె పలుకుతడని. ఆడోళ్లు అక్కడిదాక పోయి ఎనకకు మర్లుతరు, మొగోళ్లు ముందుకు పోతరు. మా ఊరి దింపుడు కళ్లం మా బోరు కాడి మూలమలుపే. మా పెద్దలకు గూడ అక్కడనే దించిండ్రు.

పాడెను తొవ్వకు అవతలి పక్క దించిండ్రు. డప్పులు ఆగినయి. ముసురుకు డప్పుల తోలు మెత్తవడి అంతకుముందు గూడ సరిగ మోగలే. ఆయన అన్న బాల్‌రెడ్డి వంగి చెవుల తమ్మీ అన్నడు. ఏం లేదు. ఇంకోసారి, తమ్మీ లే, పొద్దెక్కింది అన్నడు. ఏం లేదు. గంతల నీళ్ల ట్యాంకర్ ఒకటి వచ్చి, జాగ జాలక ఆగింది. పాడెను ఎత్తి తొవ్వకు ఇవతలి పక్కకు, మా కొట్టం ముంగటికి జరిపిండ్రు. బాల్‌రెడ్డి మూడోసారి వంగుతాంటె సులోచన ఆయన భుజం పట్టుకున్నది.

"అట్ల కాదు బావా. పేరు వెట్టి పిలువుర్రి. పేరు వెట్టి పిలిస్తెనే లేస్తడు."

బాల్‌రెడ్డి పేరు వెట్టి పిలిచిండు.

కొట్టంల లైట్లు రెండు ఎలిగినయి. అద్దాలు రెండు ఇచ్చుకున్నయి. ముసురుల తెల్లటి ఎలుగు వచ్చి పాడె మీది పూల మీద వడ్డది. ఎవ్వలు కదలలే. ట్యాంకర్ డ్రైవర్ ఇంజను బందు జేసిండు. యాదగిరి ఫోన్ తీసి టైం సదివింది గప్పుడే.

సులోచన పాడె మీద వడి కట్లు ఇప్పుడు మొదలువెట్టింది. లేసిండు, ఇంటికి తీస్కపోదం అంటాంది. ఏడుస్తలేదు, అదే భయమైంది. పొద్దున నాడి పట్టి సూసిన మా ఊరి డాక్టర్ శ్రీనివాస్ మళ్ల వంగి సూసి తల అడ్డం ఊపిండు. ఆమె ఆయన చెయ్యి తీసి పారేసింది. ఆ దినం గూడ సప్పుడు లేకుంటనే ఉన్నడు గదా, లచ్చవ్వనే జెప్పింది గదా అని నా దిక్కు సూసింది. బాల్‌రెడ్డి పాడె ఎత్తుమంటలేడు, ఇంటికి మర్లుమంటలేడు. మోసేటోళ్లు నలుగురు దూరం జరిగిండ్రు. బిడ్డ స్వప్న తల్లిని పట్టుకోని, ఏమో అమ్మ అన్నదే నిజమేమో అన్నట్టు నాయిన మొఖమే సూస్తాంది. ఆమె గూడ నమ్మితే ఇగ ఆ పాడె లెవ్వదు. సచ్చినాయనకు మర్యాద దక్కది, బతికున్న ఆడిమనిషికి మతి దక్కది.

నేను పాడె కాడికి పోయిన. కుడి చెయ్యి ఎనకదిక్కు తిప్పి ఆయన నుదురు ముట్టిన. సులోచన కట్లు ఇప్పుడు ఆపి నన్నే సూసింది.

"ఎట్లున్నది?" అన్నది.

"సల్లగున్నది బిడ్డా" అన్న.

నీ నోట్ల మన్ను వడ అని తిట్టింది. తిట్టనీ. నేను గుడ్డ కింద చెయ్యి వెట్టి నడుము తడిమిన. మొలతాడు కాష్టం మీద తెంపుడే మా కాడ ఆచారం. తానం పోసినా, పంచె మార్చినా, అంతకుముందు దాన్ని ఎవ్వలు ముట్టరు. దానికి కట్టినదాన్ని గూడ ఎవ్వలు ముట్టలే. తాళంచెవి ఆయన తీరుగనే సల్లగున్నది. ముడి ఇప్పి తీసి, ఆమెకు సూపిచ్చి, గుప్పిట్ల వెట్టుకోని గేటు దాక, గేటు దాటి ఇంకా అవతలికి నడిచిన. కారు లైట్లు ఆరినయి, అద్దాలు ముడుసుకున్నయి. మళ్ల నడిచి వచ్చిన. తెరుసుకున్నయి. ఆయన నాకు సూపిచ్చినట్టే నేను ఆమెకు సూపిచ్చిన.

సులోచన తడి తొవ్వ మీద కూలవడ్డది. గప్పుడు ఏడ్సింది. కొద్దిసేపటికి కొంగుతోని మొఖం తుడుసుకోని, "ఇగ తీస్కపోర్రి" అన్నది.

ఇక్కడిదాక నాకు సమజైంది రాసిన. ఇగ రాసేది నాకు సమజు కాలే.

మొగోళ్లు పాడె ఎత్తుకోని పోయిండ్రు. ఆడోళ్లం మేం కొట్టం ముంగట నిలవడ్డం. తాళంచెవి నా గుప్పిట్లనే ఉన్నది, కారు నాకు చెయ్యి సాపితే అందేంత దూరంల ఉన్నది. లైట్లు ఎలుగుతనే ఉన్నయి. పాడె నడుసుకుంట, నడుసుకుంట మూలమలుపు తిరిగింది. తిరిగి కనవడకుంట కాంగనే లైట్లు ఆరినయి. అద్దాలు ముడుసుకున్నయి. నేను గుప్పిడి ఇప్పి సూసుకున్న, తాళంచెవి ఉన్నది. కారు ముంగటికి పోయి తాళంచెవి ఊపిన. తెరువలే. కొంత టైం ఐనంక దానంతట అదే బందైతది, బ్యాటరీ దాసుకుంటది అని యాదగిరి జెప్తడు. ఉండొచ్చు. నాలుగేండ్లల్ల తాళం పక్కన ఉండంగ అది కండ్లు మూసుడు నేను సూడలే.

కారు ఇంకా మా కొట్టంలనే ఉన్నది. అమ్ముదమంటె సులోచన ఒప్పుకుంటలేదు, తీస్కపొమ్మంటె తీస్కపోతలేదు. తాళం ఆమె కాడ ఉన్నది. అప్పుడప్పుడు వచ్చి లోపట కూసోని పోతది. నేను ఇంట్ల అన్నం దినుకుంట కిటికిలకెల్లి సూస్త. అద్దాలు ఇచ్చుకుంటె సులోచన వచ్చిందని బయటికి పోత. శానా సార్లు ఆమెనే ఉంటది. కొన్నిసార్లు ఎవ్వలు ఉండరు.

పేరు రాయమని స్వప్న అడిగింది. నాయిన గురించి రాస్తున్నవు, పేరు లేకుంట ఎట్ల అవ్వా అన్నది. నేను నోరు కదపకుంట రాయలేను బిడ్డా అన్న. రాసుడంటే నాకు పిలుసుడే. మూడుసార్లు పిలిచినం, అక్కడికి సాలు. ఈ కాయిదం నేను కొట్టం కాడనే కూసోని రాస్తున్న.

ఆ దినం దింపుడు కళ్లం కాడ ఉన్నోళ్లు: భార్య సులోచన. అన్న బాల్‌రెడ్డి. బిడ్డ స్వప్న, అల్లుడు రమేశ్. పాడె మోసిన కిష్టయ్య, నర్సింలు, రాంరెడ్డి, అంజయ్య. డప్పు కొట్టిన ఎల్లయ్య, ఆయన తమ్ముడు బాలయ్య. డాక్టర్ శ్రీనివాస్. ట్యాంకర్ నడిపే సలీం, పాడె ఎంట ఆయన గూడ నడిచి పోయిండు. చాకలి సాయమ్మ. మల్లయ్య తాత. మా యాదగిరి. నేను, లచ్చవ్వను. పటేలును ఉన్నోళ్లల్ల రాయాల్నా, లేనోళ్లల్ల రాయాల్నా తెల్వక, ఒక గీత జాగ ఇడిసిపెట్టిన.